పేరు పెట్టి పిలిచిన రోజు

మొన్నొక సాయంత్రం నేనూ మా ఆవిడా బ్రాడీపేటలో మందుల షాపు ముందు నిలబడి ఉన్నాం. వెనక నుంచి ఎవరో "ఇదిగో!" అని గట్టిగా కేకేశారు. ఇద్దరం ఒక్కసారే తిరిగి చూశాం. ఎవరో ఆటో డ్రైవరు, సీట్లో సంచి మరిచిపోయి వెళ్ళిపోతున్న ఆవిణ్ణి పిలుస్తున్నాడు. మా ఆవిడ నా మొహంలోకి చూసింది.

"బాబాయ్ గారి గొంతులా లేదూ?" అంది.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్ళు బ్రాడీపేటలో ఆటోలు తోలరని ఇద్దరికీ తెలుసు. అయినా తిరిగాం. ఇంటికొచ్చాక మా ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది, పొంగిపోయాయి. గట్టు తుడుస్తూ చాలాసేపు పాలని తిట్టింది. నేను పక్క గదిలో కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆయన పేరు రాయడం లేదు. పేర్లతో ఆయనకి మొదట్నుంచీ పొత్తు లేదు. దాచేపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఆయనకి విత్తనాలు, పురుగుమందుల షాపు ఉండేది. నాది గుంటూర్లో అదే వ్యాపారం. కంపెనీవాళ్ళు ఏటా పెట్టే డీలర్ల మీటింగుల్లో కలిసేవాళ్ళం. ఎవరిది ఏ ఊరైతే ఆ ఊరి పేరే ఆయన దృష్టిలో ఆ మనిషి పేరు. నేను గుంటూరు. పొన్నూరు నుంచి వచ్చేవాడు పొన్నూరు. మైకు పట్టుకుని ప్రసంగం చేస్తున్న కంపెనీ మేనేజర్ని కూడా "హైదరాబాదూ, కాస్త తొందరగా ముగించు, భోజనాలు చల్లారిపోతన్నయ్" అని వెనక వరసలోంచి అరిచిన మనిషి. ఆ అబ్బాయి నిజంగానే ముగించేశాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడ మొక్క కనిపించినా ఆకు తిప్పి కింది వైపు చూసేవాడు. పురుగు ఎప్పుడూ ఆకు అడుగునే ఉంటుంది కదా. హోటల్లో కుండీలు, గుడి బయట తులసి, డాక్టరు గారి వరండాలో మనీ ప్లాంటు, ఏదైనా సరే వదిలేవాడు కాదు. మా తమ్ముడి కూతురి పెళ్ళికి వచ్చి, మండపం స్తంభానికి చుట్టిన తీగ ఆకు ఒకటి తిప్పి చూసి, నన్ను చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాడు.

"గుంటూరూ, ప్లాస్టిక్కయ్యా ఇది! దీనికి తెగులు రాదు, పురుగు పట్టదు. ఊరంతా ఇట్టా మొదలుపెడితే మనం ఏం బతకాలయ్యా?"

పెళ్ళికూతురు కూడా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. పీటల మీద దంపతులకి అక్షింతలు వేసి వస్తూ దారిలో ఇంకో ఆకు తిప్పి చూశాడు, ఇదన్నా నిజందేమోనని.

రైతు ఆకో కాయో తెచ్చి కౌంటరు మీద పెడితే దానికొక మందు చెప్పేవాడు. మందు లేని జబ్బైతే "దున్నెయ్యి" అనేవాడు. రెండింట్లో ఏదో ఒకటి తప్పకుండా చెప్పేవాడు. ఏమీ తోచక నిలబడిపోవడమన్నది ఆ మనిషిలో నేను ఒక్కసారే చూశాను, అదీ రోమ్‌లో.

బాగా అమ్మిన డీలర్లని కంపెనీలు విదేశాలు తిప్పి తీసుకురావడం మా వ్యాపారంలో మామూలే. ఆ ఏడు మాకు యూరప్ పడింది, అందులో మొదటి ఊరు రోమ్. ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారు. హైదరాబాదు విమానాశ్రయంలోనే నేను ఆయన భార్యని మొదటిసారి చూశాను. సన్నగా, పొట్టిగా ఉంది. నేత చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కొడుకు కొనిపెట్టిన తెల్ల బూట్లు. ఆ బూట్లు తనవి కావన్నట్టు, ఎవరో చూసుకోమని అప్పజెప్పి వెళ్ళినట్టు జాగ్రత్తగా నడుస్తోంది. మా ఆవిడ ఆమెని పిన్ని గారూ అంది, ఆయన్ని బాబాయ్ గారూ అంది. నాకూ అదే వరస ఖాయమైంది.

వాళ్ళిద్దరి నడక గురించి చెప్పాలి. ఆయన ముందు, ఆవిడ వెనక. ఆయన వెనక్కి తిరిగి చూడడు. కాసేపటికోసారి తల తిప్పకుండానే "ఇదిగో" అంటాడు. వెనక నుంచి "ఆఁ" అని వినబడుతుంది. అంతే. మళ్ళీ నడుస్తాడు. విమానం ఎక్కేటప్పుడు ఇదిగో, ఆఁ. పాస్‌పోర్టు చూసేచోట ఇదిగో, ఆఁ. పక్క సీట్లో కూర్చున్న మనిషిని కూడా, దీపాలు ఆర్పేశాక, ఇదిగో అని పిలిచాడు. ఆవిడ నిద్రలోనే ఆఁ అంది.

దీంతోపాటు ఒక పాఠం కూడా ఉండేది. "తప్పిపోయినావా, ఉన్న చోటే కూర్చో. ఎటూ పోమాక. ఇద్దరం ఎదుక్కుంటా తిరిగితే ఇద్దరం దొరకం. నేనే వస్తా." కోటప్పకొండ తిరునాళ్ళలో మొదలైన పాఠమట ఇది, పెళ్ళైన కొత్తలో. అప్పట్నుంచీ జనం ఉన్న ప్రతిచోటా అప్పజెప్పేవాడు. విమానంలో కూడా చెప్పాడు. విమానంలో ఎటు తప్పిపోతుందో నాకర్థం కాలేదు గానీ ఆవిడ బుద్ధిగా తలూపింది.

మా ఆవిడకి ఇదంతా మొదట ముచ్చటగా, రోమ్‌లో దిగేసరికి చిరాగ్గా అనిపించింది. మర్నాడు పొద్దున హోటల్లో చల్లటి రొట్టె ముందు కూర్చున్నప్పుడు అడిగేసింది. ఆయన అప్పటికి తన రొట్టె మీద ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి చల్లుకుని, నూనె కోసం అటువైపు వెళ్ళాడు.

"పిన్ని గారూ, మీకో పేరు లేదా? ఎప్పుడు చూసినా ఇదిగో ఏంటండీ?"

ఆవిడ నవ్వింది. నవ్వేటప్పుడు చేత్తో నోరు మూసుకునే అలవాటు. పేరు చెప్పింది. చక్కటి పేరు.

"మా అత్తగారి పేరూ అదేనమ్మా. పెళ్ళిచూపుల్లో నా పేరేందని అడిగి, చెప్పంగానే అందరూ మా అత్తగారి వంక చూశారు. ఇంక ఆ ఇంట్లో ఆ పేరు పెట్టి నన్నెవరు పిలుస్తారు? కన్నతల్లి పేరు పట్టుకుని ఏమే, ఒసేయ్ అంటారా? మా మామగారు కోడలా అనేవాళ్ళు. ఆడబిడ్డలు వదినా అనేవాళ్ళు. ఈయనకి ఏమనాలో తోచలా. ఇదిగో అన్నారు."

"అత్తగారు పోయారుగా. ఇప్పుడు పిలవచ్చుగా?"

"అలవాటు లేనిది ఇప్పుడేం పిలుస్తారమ్మా. పిలిస్తే ఆమె లేచొస్తదేమో" అని మళ్ళీ నోరు మూసుకుని నవ్వింది.

ఆ రోజు మమ్మల్ని తిప్పిన గైడు ఒక ఉత్తరాది అమ్మాయి, అక్కడే స్థిరపడింది. జనంలో మేం తప్పిపోకుండా ఎర్ర గొడుగు ఒకటి ఎత్తిపట్టుకుని నడిచేది. ఆమె ఊరేదో తెలియక ఆయన గొడుగమ్మ అని పేరు పెట్టాడు. కంపెనీవాళ్ళు మా అందరికీ ఒకే రంగు ఆకుపచ్చ టోపీలు ఇచ్చారు. మా ఆవిడ పెట్టుకుంది. పిన్ని గారికి ముడి అడ్డొచ్చి టోపీ నిలవలేదు, తీసి చేతిసంచిలో పెట్టుకుంది. ఆ టోపీని తర్వాత చాలాసార్లు తలుచుకున్నాం.

పొద్దున కొలోసియం చూపించారు. గొడుగమ్మ హిందీలో చరిత్రంతా చెప్తోంది. బాబాయ్ గారు గోడ దగ్గరికి వెళ్ళి రాయిని గోటితో గీకి, వేలు చూసుకుని నన్ను పిలిచాడు.

"గుంటూరూ, మన రాయేనయ్యా ఇది. సున్నపురాయి. మా వైపు గనక ఉంటే ఈపాటికి పొడి అయిపోయి సిమెంటు బస్తాల్లోకి ఎక్కేది. వీళ్ళు ఇంతకాలం ఎట్టా ఆగారో!"

వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందు ఆకులు కూడా ఫ్యాక్టరీ దుమ్ముకి తెల్లగా ఉంటాయి. ఇంత రాయిని ఊరికే చూడ్డానికి వదిలేశారంటే ఆయనకి నమ్మకం కుదరలేదు. దారిలో ఒక హోటలు ముందు ఎర్రపూల కుండీలు కనిపిస్తే ఆకు తిప్పి, కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. తెల్ల చొక్కా సర్వరు బయటికొచ్చి ఏదో అడిగాడు. ఆయన ఆకు అడుగున పేనుబంకని వేలితో చూపించి, పిచికారీ కొట్టమని సైగ చేసి, "ఇదిగో" అన్నాడు. వెనక నుంచి పిన్ని గారు "ఆఁ" అంది. సర్వరు తనకే ఏదో చూపించబోతున్నాడనుకుని మళ్ళీ వంగి చూశాడు. మేం నవ్వలేక చచ్చాం. అంత నవ్వు మళ్ళీ ఆ ప్రయాణంలో నవ్వలేదు.

మధ్యాహ్నం ట్రెవి ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఇరుకు వీధుల్లోంచి వెళ్తుంటే ముందు నీళ్ళ హోరు వినబడింది, తర్వాత జనం కనబడ్డారు, చివరికెప్పుడో నీళ్ళు కనబడ్డాయి. అంత చిన్న చోట అంతమంది మనుషుల్ని నేను సీజన్లో మిర్చి యార్డు గేటు దగ్గర కూడా చూడలేదు. నీళ్ళకి వీపు పెట్టి నిలబడి భుజం మీదుగా వెనక్కి నాణెం వేస్తే మళ్ళీ రోమ్ వస్తారట, గొడుగమ్మ చెప్పింది.

"వీపు పెట్టా?" అంది పిన్ని గారు. "నీళ్ళకి వీపు చూపించడమేంటమ్మా, తప్పు కదూ?"

మన దగ్గర రైలు కృష్ణ మీదికి రాగానే ఆవిడ కిటికీలోంచి నాణెం వేసి దణ్ణం పెట్టుకునే మనిషి. నీళ్ళంటే ఎదురుగా నిలబడి, చేతులు జోడించి వెయ్యాలి. ఇక్కడ అందరూ వీపులు పెట్టి, పళ్ళు బయటపెట్టి ఫోటోలు దిగుతున్నారు. బాబాయ్ గారు "మళ్ళీ ఎవరొస్తారులే ఇంత దూరం" అని నాణెం జేబులోనే పెట్టుకున్నాడు. మా ఆవిడ నన్ను ఫోటో తియ్యమంది. తీశాను. కళ్ళు మూసుకుంది, ఇంకోటి తీశాను. ఈ రెండు ఫోటోల మధ్యలోనే పిన్ని గారు నీళ్ళకి ఎదురుగా నిలబడే చోటు వెతుక్కుంటూ పక్కకి వెళ్ళినట్టుంది.

"ఇదిగో" అన్నాడు ఆయన, అలవాటుగా, తల తిప్పకుండా.

ఆఁ వినబడలేదు.

మళ్ళీ అన్నాడు. అప్పుడు వెనక్కి తిరిగాడు. ఆయన వెనక్కి తిరగడం నేను చూడటం అదే మొదలు. అక్కడ ఎవరో పొడుగాటి పిల్ల ఐస్‌క్రీము తింటూ నిలబడి ఉంది.

పిన్ని గారి దగ్గర ఫోను లేదు. పాస్‌పోర్టు ఆయన మెళ్ళో సంచిలో ఉంది. హోటలు పేరు మాకే నోరు తిరగదు, ఆవిడకి ఎలా తెలుస్తుంది? తెలుగు తప్ప ఇంకో మాట రాదు. ఇవన్నీ నాకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. గొడుగమ్మ పోలీసుల వైపు పరిగెత్తింది. బస్సు ఎక్కువసేపు ఆపనివ్వరు, మిగతావాళ్ళు రావాలని ఎవరో అంటున్నారు. నేనూ పొన్నూరాయనా మెట్ల వెంట చెరో పక్కకి వెళ్ళాం. ఆయన జనం మధ్యలో నిలబడి గొంతు చించుకుని పిలుస్తున్నాడు.

"ఇదిగో! ఇదిగో!"

నేను పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. పొన్నూరాయన అటు నుంచి వచ్చాడు. మా ఆవిడ రొప్పుతూ వచ్చింది.

"ఏరీ? ఎక్కడ?"

ఆయన మా మొహాలు చూశాడు. మేం ఆయన మొహం చూశాం. అప్పటికి గానీ మాకు తెలియలేదు, ఆయన దొరికిందని చెప్పడం లేదు, పిలుస్తున్నాడు. మేం మళ్ళీ వెళ్ళాం. ఆయన మళ్ళీ ఇదిగో అన్నాడు, గొంతు ఇంకా పెద్దది చేసి. ఈసారి నిజంగానే దొరికిందేమోనని మళ్ళీ వచ్చాం. ఇలా ఎన్నిసార్లు జరిగిందో. ఇదిగో అనే తెలుగు మాట చెవిన పడితే కాళ్ళు వాటంతటవే అటు తిరుగుతాయి, ఏం చేస్తాం? వెతకాల్సినవాళ్ళం ఆయన చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతున్నాం.

చివరికి మా ఆవిడే అరిచింది. "బాబాయ్ గారూ, ఇదిగో అనకండి! పేరు పెట్టి పిలవండి, పేరు!"

"పేరా?" అన్నాడు.

నోరు తెరిచాడు. మూశాడు. చేతులు రెండూ పక్కకి వేలాడుతున్నాయి. ఆయన చేతులు ఖాళీగా ఉండటం, దేన్నీ పట్టుకోకుండా, దేన్నీ తిప్పకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆకు తెచ్చి ముందు పెట్టిన రైతుకి ఏదో ఒకటి చెప్పే మనిషి. "దున్నెయ్యి" అనడానికి కూడా ఏమీ లేదు అక్కడ. పక్కన నిలబడి నేను చేసిందీ ఏమీ లేదు. నేనే పిలుద్దామా అనుకున్నాను, పెద్దావిణ్ణి పేరు పెట్టి నేనెలా పిలుస్తాను? నలుగురం అలా నిలబడిపోయాం, అంత తెలివి ఉండీ, అంత దూరం వచ్చీ.

అప్పుడు పిలిచాడు. ఒట్టి పేరు. మొదటిసారి సగమే వచ్చింది. రెండోసారి నీళ్ళ హోరు మీద నుంచి ఆ పేరు అవతలి గోడకి తగిలి వెనక్కి వచ్చింది. తర్వాత ఇంక ఆపలేదు. పిలుస్తూ మెట్లు దిగాడు, పిలుస్తూ ఎక్కాడు. జనం పక్కకి తప్పుకున్నారు. ఏడుస్తున్నాడని దగ్గరికి వెళ్ళాక గానీ నాకు తెలియలేదు. ఆ పేరు కూడా నేనిక్కడ రాయను. జీవితం మొత్తం మీద ఆయన అంత తక్కువగా వాడుకున్న పేరుని నేను రాసి పలచన చెయ్యలేను.

ఎవరూ పలకలేదు.

ఆవిడ ఎక్కడుందంటే, ఫౌంటెన్‌కి ఎదురుగా మూలనున్న చర్చి మెట్ల మీద ఉంది. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది. ఆయన గొంతు అక్కడికి శుభ్రంగా వినబడుతోంది. నేను రెండుసార్లు ఆ మెట్ల ముందు నుంచే పోయాను, ఆకుపచ్చ టోపీ కోసం చూస్తూ. మూడోసారి తెల్ల బూట్లు కనబడ్డాయి.

"పిన్ని గారూ! ఆయన పిలుస్తుంటే పలకరేంటండీ?"

"ఆయనా?" అంది, లేస్తూ. "ఆయనేనా? గొంతు ఆయనదిలాగే ఉందే అనుకున్నా అబ్బాయ్. ఇందాక ఇదిగో అన్నప్పుడల్లా ఇక్కణ్ణుంచే ఆఁ అంటానే ఉన్నా. కానీ ఆయన నన్ను పేరు పెట్టి పిలవరుగా. ఎవరో మన తెలుగావిడ, నా పేరే ఉన్నట్టుంది, తప్పిపోయిందనుకున్నా. పాపం, వాళ్ళాయన ఎట్టా ఏడుస్తన్నాడో చూడు, తొందరగా దొరికితే బాగుండు తల్లీ అని దణ్ణం పెట్టుకుంటన్నా."

నేను ఆవిడ మణికట్టు పట్టుకుని, జనంలోంచి లాక్కెళ్ళి, తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టాను. "బాబాయ్ గారూ, దొరికారు" అన్నాను. ఆయన ఇంకా పేరు సగంలో ఉన్నాడు. ఆగాడు. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తిప్పి, అరచేతి వైపు చూశాడు. ఎందుకో నాకు తెలియదు. ఆయనకీ తెలిసి ఉండదు.

"ఇదిగో" అన్నాడు, చాలా చిన్నగా.

"ఆఁ" అంది ఆవిడ.

తర్వాత కోపం వచ్చింది. "పేరు పెట్టి పిలిస్తే పలకవేంది?" అని అరిచాడు.

"మీరు పిలుస్తారని నాకేం తెలుసు? ఉన్న చోటే కూర్చోమన్నారు, కూర్చున్నా" అంది.

బస్సులో ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పిన్ని గారు మా ఆవిడ పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. ఊరంతా దాటిపోతోంది, గుడులూ గోపురాలూ బొమ్మలూ. ఆవిడ దేన్నీ చూడటం లేదు. చాలాసేపటికి మా ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"అమ్మాయ్, ఏమని పిలిచారు? ఒట్టి పేరేనా? చివర ఏమన్నా తగిలించారా?"

"ఒట్టి పేరే పిన్ని గారూ."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నవ్విందో ఏమో మా ఆవిడకి కనపడలేదు. మిగిలిన ఊళ్ళన్నింట్లో ఆయన ముందు నడవలేదు. ఆవిడ కొంగు చివర రెండు వేళ్ళతో పట్టుకుని పక్కనే నడిచాడు. ఆ పేరు మాత్రం మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఇదిగో, ఆఁ.

తర్వాత కొన్నేళ్ళు ఎప్పటిలాగే మీటింగుల్లో కలుస్తూ వచ్చాం. కిందటేడు మిరప కోతల రోజుల్లో వాళ్ళబ్బాయి ఫోను చేశాడు, ఇప్పుడు షాపు చూసుకునేది ఆ అబ్బాయే. నాన్నకి తలలో నరం చిట్లింది, గుంటూరు తెచ్చాం అన్నాడు. మా ఇంటికి దగ్గర్లోనే ఒక ఆసుపత్రి. మా ఆవిడ క్యారియరు కట్టింది, ఇద్దరం వెళ్ళాం.

వరండాలోకి అడుగు పెట్టంగానే ఆ పేరు వినబడింది. రోమ్‌లో విన్న గొంతే, కాస్త బొంగురుపోయింది. పిలుస్తున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ పిలుస్తున్నాడు.

"నిన్నట్నుంచీ ఇంతే అంకుల్" అన్నాడు వాళ్ళబ్బాయి. "నాయనమ్మని పిలుస్తన్నాడు. ముసలోళ్ళు ఇట్టాంటప్పుడు తల్లిని తలుచుకుంటారంట, డాక్టరు గారు కూడా అన్నారు."

పిన్ని గారు గది తలుపు దగ్గర నిలబడి ఉంది. మనిషి సగమైంది.

"తల్లినైతే అమ్మా అంటారు గానీ పేరు పెట్టి పిలుస్తారా?" అంది, నెమ్మదిగా, కొడుక్కి వినబడకుండా. "నన్నే అబ్బాయ్. నేను తప్పిపోయాననుకుంటన్నారు. పక్కనే కూర్చుని ఆఁ అంటన్నా, ఇక్కడే ఉన్నానండీ అంటన్నా. నా మీద నుంచి తలుపు వంక చూస్తన్నారు."

ఏమనాలి? మా ఆవిడ క్యారియరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు పిన్ని గారు నా చెయ్యి పట్టుకుంది.

"అబ్బాయ్, ఆ రోజు నన్ను తీసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టావు కదా. మళ్ళీ ఒకసారి అట్టా తీసుకుపో. నువ్వు తెస్తే నమ్ముతారేమో."

పిచ్చి ఆలోచన అని నాకు తెలుసు. కాదనడానికి మాత్రం నోరు రాలేదు. ఆవిడ బయటికి వచ్చింది, చేతిసంచి తెచ్చుకుంది, ముడి సర్దుకుంది. నేను ఆవిడ మణికట్టు పట్టుకుని తలుపులోంచి లోపలికి నడిపించుకెళ్ళాను. మంచం ముందు నిలబెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"బాబాయ్ గారూ, ఇదిగో, పిన్ని గారు దొరికారు."

పిలవడం ఆపాడు. నా వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"గుంటూరూ" అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. ఆయన కళ్ళు నా మీద నుంచి పిన్ని గారి మీదికి వెళ్ళాయి, తల నుంచి కాళ్ళ దాకా. స్వాధీనంలో ఉన్న చెయ్యి చాపి ఆవిడ చెయ్యి తీసుకున్నాడు, తిప్పి అరచేతి వైపు చూశాడు. శ్రద్ధగా చూశాడు. తర్వాత ఆ చెయ్యి మెల్లిగా ఆవిడకే ఇచ్చేశాడు.

"ఈమె కాదయ్యా" అన్నాడు.

"ఎవరో పెద్దావిడ. పాపం, ఈమె తాలూకు వాళ్ళు ఎక్కడెక్కడ ఎదుకుతన్నారో. నిలబెట్టావేందయ్యా, కూర్చోబెట్టు." ఆవిడ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కూర్చో అమ్మా. ఎటూ పోమాక. ఉన్న చోటే ఉండు. మీ ఆయనే వస్తాడు."

"ఆఁ" అంది ఆవిడ.

మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. కాళ్ళు దగ్గరగా పెట్టుకుంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన తలుపు వైపు తిరిగి మళ్ళీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.